తస్నీమ్ టీచర్ కాలనీ ఎందుకు విడిచింది

ఎల్బీనగర్‌లోని ఆ కాలనీలో ఇప్పుడు ఎక్కడ విన్నా ఒకటే మాట. తస్నీమ్ టీచర్ తనవాళ్ల మధ్య ఉండాలని మలక్‌పేటకు మకాం మార్చిందట. అది శుద్ధ అబద్ధమని ఆ కాలనీలోనే ఉండే అండాలు అంటుంది. ఏ ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో గేటు దగ్గర నిలబడి చెప్పగల మనిషి ఆవిడ.

తస్నీమ్ పుట్టింది నల్లగొండ పక్క పల్లెలో. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ప్రైవేటు బడిలో పిల్లలకు తెలుగు చెప్పి చెప్పి, జుట్టు నెరిసే వేళకు పీర్ల పండుగ మీద పరిశోధనకు దిగింది. హిందువులు పీరును ఎందుకు ఎత్తుకుంటారు, రొట్టె, బెల్లం నలిపి కట్టే మలీద ముద్దలు ఎవరు చేస్తారు అని ఊరూరా తిరిగింది. పెద్దమనుషులను వదిలేసి, వంటింట్లో ఆడవాళ్ల పక్కన పీట వేసుకుని కూర్చునేది. అండాలును కూడా అలాగే పట్టుకుంది. అండాలు పుట్టిన ఊళ్లో పీరును ఎత్తేది ఆమె మేనమామే. ఇద్దరూ అడిగే రకమే కావడంతో టీ చల్లారేది గాని మాటలు తెగేవి కావు. డాక్టరేటు వచ్చాక మతాల సఖ్యత గురించి మాట్లాడమని కాలేజీలు పిలవసాగాయి.

కాలనీ సంఘం అధ్యక్షుడు గంగాధరరావు కూడా పిలిచాడు. వినాయక మండపంలో శాలువా కప్పి, చేతిలో లడ్డూ పెట్టి, ఫోటో తీయించి గ్రూపులో పెట్టాడు.

మొన్న వేసవిలో టీచర్ ఉంటున్న ఇంటిని యజమాని అమ్మేశాడు. గంగాధరరావు మేడ మీద వాటా ఖాళీ. అడిగితే "అయ్యో, నిన్ననే ఇచ్చేశానండి" అన్నాడు. టు-లెట్ బోర్డు మాత్రం గేటుకు వేలాడుతూనే ఉంది. తతిమ్మా యజమానులూ అంతే. పేరు చెప్పేదాకా వాటా ఖాళీ, చెప్పాక లేదు.

ఉండబట్టలేక అండాలు అడిగేసింది.

"ఏంది సారూ, టీచరుకు ఎందుకియ్యలే?"

"నాకేం అభ్యంతరం లేదమ్మా. కిందవాళ్లు ఒప్పుకోరు."

"కింద మీ కారే ఉంటది గద. అది ఒద్దన్నదా?"

ఆయన మొహంలో సిగ్గన్నది లేదు. ఈ ఏడు కూడా టీచర్నే మండపానికి తీసుకురమ్మన్నాడు. "మీరు చెబితే కాదనరు. కాలనీకి మంచి పేరొస్తుంది" అని నవ్వాడు. శాలువా కూడా కొనేశాడట.

అయినా టీచర్ నోటినుంచి వినకుండా అండాలుకు నిద్ర పట్టదు. మలక్‌పేట బస్సెక్కింది. ఇరుకు సందు, రెండు గదులు, పుస్తకాలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

"నీ అంతట నువ్వే పోయినవంటున్నరు. నిజం చెప్పు టీచరమ్మా. మల్ల మండపానికి ఒస్తవా?"

తస్నీమ్ పెట్టెమీది దుమ్ము తుడుస్తూ అంది.

"నేనెందుకు పోతనక్కా? ఇల్లియ్యలే, పోయిన. అందరం కలిసి బతుకుతున్నమని ఇన్నేండ్లు చెప్పిన. ఇప్పుడా మాట నోట్లకొస్తే నాకే అసయ్యమైతుంది. మైకు ముంగట నిలవడేతందుకు రాను. కిరాయికి ఇస్తమంటే చెప్పు, రేపే సామాన్లతోని ఒస్తా."