దద్దమ్మ ఆట

కాలేజీలో అందరూ ఆవిడను తాళం మేడం అనేవారు. అసలు పేరు జీతాలు రాసే గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. కుర్చీలోంచి లేస్తే కంప్యూటర్ తెరకు తాళం వేసి లేవాలి, అంటే పాస్‌వర్డ్ కొడితే తప్ప తెరుచుకోకుండా మూసి వెళ్ళాలి, అని ఆవిడ నోరు నొప్పి పుట్టేలా చెప్పేది. మంచినీళ్ళకు వెళ్ళినా తాళమే, తుమ్మడానికి బయటికి వెళ్ళినా తాళమే. అలా వచ్చింది ఆ పేరు.

ఆవిడ చెప్పే పాఠం కంప్యూటర్ నీతి, కంప్యూటర్ నేరాలు. ఒకరి ఖాతాలోకి ఇంకొకరు దూరకూడదు, ఒకరు రాసింది ఇంకొకరు తనదనకూడదు, ఒకరి పేరున ఇంకొకరు మెయిల్ పంపకూడదు. ఆ పాఠానికి మార్కులు తక్కువ కాబట్టి పిల్లల్లో గౌరవమూ అంతంతమాత్రమే. పైగా భోజనాల తర్వాతి పీరియడ్. కిటికీలు మూసిన చల్లని ల్యాబు, జోల పాడినట్టు గుయ్యిమనే మిషన్లు, వెనక వరసలో కునికిపాట్లు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ గదిలో మాత్రం వినేవాళ్ళకే ఆవిడ లోకువ.

అందుకని ఆవిడ ఒక ఆట కనిపెట్టింది. ఎవరైనా తెర తెరిచి పెట్టి లేచిపోతే, పిల్లిలా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని, వాళ్ళ మెయిల్లోంచే క్లాసు మొత్తానికీ రెండు ముక్కలు పంపేది. "నేను తాళం వేయడం మరిచిన దద్దమ్మను. రేపు అందరికీ టీ నేనే పోయిస్తాను." ఆ దద్దమ్మ తిరిగొచ్చేసరికి గది గొల్లుమనేది. ఒకసారి దద్దమ్మ అయినవాళ్ళు మళ్ళీ జన్మలో తాళం మరిచేవారు కాదు. ఎన్ని పాఠాలు చెప్పినా రాని బుద్ధి ఒక్క నవ్వుతో వస్తోందని ఆవిడ తెగ మురిసిపోయేది.

ఇంట్లో ఈ సంగతి చెబితే మొగుడు మాత్రం నవ్వలేదు. ఆయన అచ్చు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. తప్పు కనిపిస్తే చెప్పకుండా ఉండలేని మనిషి.

"ఒకరి పేరున ఇంకొకరు రాయకూడదని చెప్పేదీ నువ్వే, రాసేదీ నువ్వే. ఇదేం పాఠమే?"

"అదీ ఇదీ ఒకటేనా? ఇది సరదాకి. మీరు మీ ప్రెస్సులో తప్పులు దిద్దుకోండి చాలు" అని ఆవిడ నవ్వేసింది.

ఆట పిల్లలకు అంటుకుంది. పై తరగతివాళ్ళ నుంచి కింది తరగతివాళ్ళకు దిగింది. దానికి దద్దమ్మ ఆట అని పేరు కూడా పెట్టుకున్నారు. మేడం లేనప్పుడు ఒకళ్ళ తెర మీద ఇంకొకళ్ళు పడి ఏవేవో రాసేవారు. ఆవిడకు తెలుసు. తెలిసీ మందలించలేదు. తన పాఠం ఇన్నాళ్ళకు పిల్లల నోట్లో నానుతోందని లోలోపల సంతోషించింది.

ఆ ఏడాది క్లాసులో ఒక దర్జీ కూతురు ఉండేది. నోట్లో నాలుక లేని పిల్ల. కానీ మిషన్ ముందు కూర్చుంటే ఆ పిల్ల వేళ్ళు ఎక్కడలేని కబుర్లూ చెప్పేవి. తండ్రి దుకాణం కోసం ఒక ప్రోగ్రాం రాసింది. మనిషి భుజం, ఛాతీ, చెయ్యి పొడవు కొడితే ఎంత గుడ్డ కావాలో, ఎక్కడ కత్తిరిస్తే ముక్క వృథా కాదో బొమ్మ గీసి చూపిస్తుంది. తాళం మేడం పక్కన కూర్చుని చూస్తుండగానే అది ఒక్కో వరసా పెరిగింది. మెడ దగ్గర లెక్క కుదరక ఆ పిల్ల ఏడ్చిన రోజున కన్నీళ్ళు తుడిచింది కూడా ఆవిడే. కాలేజీ తరఫున ఆ ప్రోగ్రామును పెద్ద పోటీకి పంపాలని నిర్ణయించారు.

ఒక మధ్యాహ్నం ల్యాబు చివర ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, ఆ పిల్ల తీయడానికి లేచింది. తాళం వేయలేదు. పక్క వరసలోని ఇద్దరు స్నేహితులకు చెయ్యి దురద పుట్టింది. టీ పాత జోకైపోయింది కదా, కొత్తగా ఏదైనా రాద్దామనుకున్నారు. "ఈ ప్రోగ్రాం నేను రాయలేదు. వేరేచోట కాపీ కొట్టాను. ఇక దాచలేను, క్షమించండి" అని రాసి, ముసిముసిగా నవ్వుకుంటూ పంపేశారు. క్లాసుకు పంపబోయి, పొరపాటున మెయిల్ జాబితాలో దాని పై పేరు నొక్కారు. ఆ పేరు మీద కాలేజీలో పాఠం చెప్పే ప్రతి ఒక్కరూ ఉన్నారు, ప్రిన్సిపాలుతో సహా. నవ్వు అక్కడే చచ్చింది. ఇద్దరూ నోళ్ళు కుట్టేసుకున్నారు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. విచారణ అన్నారు. ప్రిన్సిపాలు గదిలో దర్జీనీ కూతురినీ కూర్చోబెట్టారు. దర్జీ పని మీంచి నేరుగా వచ్చాడేమో, మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయాడు. కంప్యూటర్ నీతి చెప్పేది ఆవిడే కాబట్టి తాళం మేడమ్‌నూ పిలిచారు.

"నేను రాయలేదు సార్. ఎవరో ఆట ఆడారేమో" అంది పిల్ల, మేడం వైపు చూస్తూ.

"ఆటేమిటి?" అన్నాడు ప్రిన్సిపాలు, ఆవిడ వైపు తిరిగి.

మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మెయిల్ సంగతి విన్న క్షణంలోనే ఆవిడకు అనుమానం తగిలింది. కానీ ఆట అంటే ఎవరు మొదలుపెట్టారంటారు. ఇంకొకరి పేరున రాయడం నేరమని చెప్పే మనిషే అది నేర్పిందా అంటారు. కంచే చేను మేసిందంటారు. ఆవిడ కిటికీ వైపు చూసింది.

దర్జీ చేతులు జోడించాడు. "నాకు ఈ మిషన్ల సంగతి తెలీదమ్మా. మా అమ్మాయి ఇంట్లో ఎప్పుడూ మీ మాటే చెబుతుంది. మీరు చెప్పండి, మీ మాటే నాకు ప్రమాణం."

"మెయిల్ అయితే అమ్మాయి పేరునే వెళ్ళిందండీ" అంది ఆవిడ.

అబద్ధం కాదు. అక్షరం అక్షరం నిజం. ఆ నిజం చేసిన పాపం వంద అబద్ధాలు చేయలేవు. దర్జీ తల దించుకుని లేచాడు. ఆ పిల్ల మాత్రం మేడం మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. పోటీ పోయింది, ఆ ఏడాదికి కాలేజీలోంచే పేరు తీసేశారు.

పరీక్షలు అయిపోయి అందరూ వెళ్ళిపోయే రోజుల్లో, ఆ ఇద్దరిలో ఒకడు ల్యాబు గుమ్మంలో ఏడుస్తూ నిలబడ్డాడు. అంతా చెప్పాడు. చివర్లో, తప్పు తేలిక చేసుకోవడానికి కాదు, నిజంగానే అర్థంకాక, "మీరు నేర్పిన ఆటే కదా మేడం" అన్నాడు. ఆవిడ వాడిని తిట్టలేదు. తిట్టడానికి మొహం ఎక్కడుంది?

అప్పటికప్పుడు ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్ళి, ఆటతో సహా, తన మౌనంతో సహా, అన్నీ కక్కేసింది. ఆయన పిల్లను తిరిగి చేర్చుకుంటామన్నాడు. ఆ పాఠం ఇక మీరు చెప్పకండి అని కూడా అన్నాడు. ఆవిడ సరేనంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, పిల్లకు చదువు దక్కితే చాలనుకుంది.

దర్జీ దుకాణం ఒక ఇరుకు సందులో, చెప్పులు కుట్టే షాపుకూ సైకిళ్ళ షాపుకూ మధ్యలో ఉంది. లోపల దర్జీ మిషన్ తొక్కుతున్నాడు. కూతురు మూలన స్టూలు మీద కూర్చుని చొక్కాకు గుండీలు కుడుతోంది. మేడమ్‌ను చూసి దర్జీ గబగబా లేచి, ఉన్న ఒక్క కుర్చీ మీది గుడ్డ ముక్కలు దులిపాడు. పిల్ల తలెత్తి చూసి, మళ్ళీ గుండీ మీదికి వంగింది.

ఆవిడ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఎవరు రాశారో చెప్పింది. ఆట ఎవరిదో చెప్పింది. ఆ రోజు తనకు అనుమానం వచ్చి కూడా నోరు మూసుకున్నానని చెప్పింది.

"తప్పంతా నాది తల్లీ. సార్‌తో మాట్లాడాను, మళ్ళీ చేర్చుకుంటారు. కాలేజీ తెరవగానే వచ్చెయ్."

"రాను మేడం" అంది పిల్ల. కోపంగా కాదు, వేళ అడిగితే చెప్పినట్టు అంది.

"ఎందుకమ్మా?"

"అక్కడ నేను నిజం చెబితే ఎవరు నమ్ముతారు?"

దర్జీ మిషన్ మీద చెయ్యి ఆనించి కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇదంతా నాకు ఒక్క మాట చెప్పి ఉండకూడదా?"

పిల్ల దారం కొరికి, చొక్కా మడిచి పక్కన పెట్టింది. "చెప్పాను నాన్నా. ఆ రోజే దారిలో చెప్పాను. ఇంటికొచ్చాక చెప్పాను. నువ్వు నాతో మాట్లాడటం మానేశాక తలుపు ఇవతల నిలబడి కూడా చెప్పాను. అంత చదువుకున్నావిడ అబద్ధమాడుతుందా అన్నావు."

ఆయన రెండడుగులు ముందుకేసి కూతురి తల మీద చెయ్యి వేయబోయాడు. ఆ పిల్ల పక్కకు తప్పుకుంది. మోటుగా కాదు, మెల్లగానే. చొక్కా తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకుంది. దర్జీ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. 

ఆయన కళ్ళు తుడుచుకుని ఆవిడ వైపు తిరిగాడు. ఆ మొహంలో నిష్ఠూరం లేదు. విచారణ రోజున ప్రిన్సిపాలు గదిలో ఎలా అడిగాడో, అదే నమ్మకంతో, అదే మర్యాదతో అడిగాడు.

"నేనిప్పుడు దాంతో ఏమని మాట్లాడాలో మీరే చెప్పండమ్మా."