చెయ్యి కదపొద్దన్నాను

1985 నవంబరులో నన్ను ప్రకాశం జిల్లాలోని ఒక చిన్న మిషన్ ఆసుపత్రికి ఫిజియోథెరపిస్టుగా వేశారు. ఎముకల డాక్టరుగారు చీటీ రాస్తేనే మేం రోగికి వైద్యం మొదలుపెట్టాలి. కట్టు వేశాక జాగ్రత్తలు చెప్పి ఇంటికి పంపడం మాత్రం పూర్తిగా నా పని. తెల్లకోటు వేసుకున్న ఆడవాళ్ళందరినీ అక్కడ సిస్టరుగారూ అని పిలిచేవాళ్ళు. నేను నర్సును కానని మొదటి వారం అందరికీ చెప్పి, రెండో వారం మానేశాను.

ఆ నెలలోనే ఎస్తేరు వచ్చింది. ముప్పై దాటిన వ్యవసాయ కూలీ. పత్తి చేను గట్టు మీద జారి కుడిచేతి మీద పడింది, మణికట్టు దగ్గర ఎముక విరిగింది. డాక్టరుగారు ఎముకను సరిచేసి పిండికట్టు వేశారు. మణికట్టుకు వేసే ఆ కట్టును వేళ్ళ మొదళ్ళ దగ్గరే ఆపేస్తారు. విరిగిన చోటు కదలకూడదు, వేళ్ళు మాత్రం రోజంతా ఆడుతూ ఉండాలి. వరండాలో ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు. ఆ తొందరలో నేను, "చెయ్యి కదపొద్దమ్మా, ఐదు వారాలయ్యాక రా" అని పంపేశాను.

చెప్పిన రోజుకు భర్త యోహానుతో కలిసి వచ్చింది. భుజం నుంచి వేళ్ళ కొసల దాకా పాత చీర గుడ్డ గట్టిగా చుట్టి ఉంది. అదెందుకని అడిగాను.

"మీరు చెప్పినట్టే ఏలు గూడా కదపలేదండి సిస్టరుగారూ" అంది. గొప్పగా చెప్పింది. అన్నం కూడా అత్తగారే తినిపించిందట.

మన మాటలో చెయ్యి అంటే భుజం నుంచి గోళ్ళ దాకా అంతా చెయ్యే. నేను మణికట్టు అనుకుని చెయ్యి అన్నాను. ఆమె నేనన్న మాటే పాటించింది.

కట్టు కోసి చూస్తే ఎముక చక్కగా అతుక్కుంది. వేళ్ళు మాత్రం వాచి, చర్మం నున్నగా మెరుస్తూ కర్రల్లా బిగుసుకుపోయాయి. గుప్పిట మూయమంటే వేళ్ళ కొసలు వణికాయి, అంతే. చదువుకునే రోజుల్లో ఇలాంటి చెయ్యి ఒకటి చూశాను. అది మళ్ళీ మూసుకోలేదు.

యోహాను నన్ను పక్కకు పిలిచి, "ఏళ్ళు ముడుచుకుంటాయంటారా అండి? పత్తి తీతలు మొదలైనయ్. అది చేలో దిగకపోతే మాకు గడవదు" అన్నాడు. ముడుచుకుంటాయని చెప్పాను. ఆ మాటను నేనే నమ్మలేదు.

భయంలో చేసిన పని ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. ఐదు వారాల నష్టాన్ని ఒక్క గంటలో పూడ్చాలన్నట్టు ఒక్కో వేలినీ పట్టి వంచాను. ఎస్తేరు పళ్ళు బిగబట్టిందే కానీ నోరెత్తలేదు. మర్నాడు చేతిని పైట చాటున దాచుకుని వచ్చింది. ఎంత అడిగినా చూపించదు. చివరికి బయటికి తీస్తే బూరెలా ఉబ్బి, కాలిపోతోంది. డాక్టరుగారు చూసి, కదపకుండా ఉంచడం ఒక తప్పు, లాగడం రెండో తప్పు, మూడోది చేస్తే ఆ చెయ్యి ఇక ఎవరికీ లొంగదని అన్నారు.

వాపు కాస్త తగ్గాక పద్ధతి మార్చాను. ఆమె అరచేతి చుట్టూ ఒక దారం చుట్టి, కొసలు కలిసిన చోట ముడి గుర్తు పెట్టాను. రోజూ పొద్దున్నే దాంతో కొలవాలి. ముడి దాకా అందితే వేళ్ళు వంచాలి. అందకపోతే వాపు పెరిగిందని లెక్క, ముందురోజు చేసినదాంట్లో సగమే చేయాలి. గోరువెచ్చని నీళ్ళలో చేతిని కాసేపు ఉంచి, వేళ్ళను తనే, తన చేతనైనంత వరకే వంచుకోవాలి. ఐదుసార్లు వంచాక చేతిని గుండెకన్నా ఎత్తులో దిండ్ల మీద పెట్టుకుని పడుకోవాలి. ఆ పడుకోవడం కూడా వైద్యమేనని నచ్చచెప్పడానికే ఎక్కువ తంటాలు పడ్డాను. పట్టపగలు దిండ్ల మీద చెయ్యి పెట్టుకుని పడుకుంటే పేటంతా నవ్వుతుందని ఆమె బాధ.

వారం దాకా ఏమీ మారలేదు. ప్రతి పొద్దునా ఎస్తేరు ఆసుపత్రికి రాగానే ముందు దారమే కొలిచేదాన్ని. రెండుసార్లు అందలేదు. పదో రోజున యోహాను చేత పగిలిన పత్తికాయలు తెప్పించాను. ఎస్తేరు ఒక కాయను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి మూడు వేళ్ళతో పత్తిని అందుకోబోయింది. జారింది. మళ్ళీ పట్టింది. పత్తి ఊడి వచ్చింది. రెండో కాయ అందుకోబోతుంటే తీసి పక్కన పెట్టేశాను.

"ఇంకొక్కటండి" అంది.

ఇవాళ్టికి ఒక్కటే అన్నాను. ఇంకోటి తీయించి చూడాలని నాకూ ఉంది.

మూడు నెలలకు గుప్పిట మూసుకుంది, చిటికెన వేలు తప్ప. అది సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆఖరి తీతకు ఎస్తేరు చేలోకి దిగింది. అంతకుముందే ఆమెతో తప్పు నాదేనని, నేను చెప్పడంలోనే పొరపాటు జరిగిందని అన్నాను. ఆమె, "నేనే సరిగ్గా ఇనలేదేమోనండి" అంది.

ఆమె సరిగ్గానే విన్నది. ఆ తర్వాత సర్వీసు ముగిసేదాకా చెయ్యి కదపొద్దని, కాలు కదపొద్దని ఎవరికీ చెప్పలేదు. కదపకూడని కీలు ఏదో వేలుపెట్టి చూపించాను. కదపాల్సినవాటిని నా ఎదుట కదిపించి చూసుకున్నాకే కట్టు వేసిన మనిషిని ఇంటికి పంపాను.