తెర మీది పద్యం

ఉద్యోగకాలంలో నేను ఆన్‌లైన్‌లో చెప్పిన ప్రబంధ పాఠాలకు, వినికిడి లేని విద్యార్థుల కోసం, మాటలన్నీ తెర అడుగున రాసి ఇవ్వాలనీ, లేనిచో వాటిని ఎవరికీ కనబడని పాత దస్త్రాలలోకి తరలిస్తామనీ విశ్వవిద్యాలయం తెలియజేసింది. మాటలను విని అక్షరాలుగా మార్చే యంత్రం నా రాగాన్ని, దీర్ఘసమాసాలను అందుకోలేకపోయింది. నేనే రాయదలచి, తిరువూరులోని మా ఇంట వీడియో పెట్టుకున్నాను. తెరపై నా పెదవులు కదిలినవి. ముదిరిన చెముడు వలన పద్యం వినబడలేదు. ధ్వని పెంచాను.

“మామయ్యగారూ, బస్టాండుదాకా వినబడుతోందండీ,” అని కోడలు నా చెవి దగ్గర అరిచింది.

“ఏ పద్యమమ్మా?”

“నాకేం తెలుసండీ? పాడుతున్నారు, అంతే.”

పాఠాలను తరలించవచ్చునని జవాబు పంపాను. పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నవి. అవి ఆగేవరకు చూచి, భోజనానికి లేచాను.