పెద్దమ్మ పేరుతో వెళ్ళిన మెయిలు

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు. వేలు జారితే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. పాపం, వాళ్ళ కాలంలో ఈమెయిలు లేదు. ఆ లోటు నేను తీరుస్తాను. వేలు జారితే పుణె నుంచి సింగపూరు దాకా కీళ్ళనొప్పులతో బతుకుతున్న పద్దెనిమిది మంది ముందు పరువు పోతుంది. నా ఒక్కడి పరువైతే పోనీ అనుకుందును. మా పెద్దమ్మది కూడా వెంట తీసుకుపోయింది. వినండి, మీకు నవ్వొస్తుంది. నాకు అప్పుడు రాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నాకు ఇరవై మూడేళ్ళు. హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి, మడివాళలో ఒక పీజీలో నలుగురం ఒకే గదిలో అగ్గిపుల్లల్లా సర్దుకుని ఉండేవాళ్ళం. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కాబట్టి, ఆ విద్యలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం.

మా అమ్మకు అక్క, రూతమ్మ పెద్దమ్మ, అక్కడికి రెండు వీధుల అవతల ఒక్కతే ఉండేది. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. ఆమె వార్డులోకి అడుగుపెడితే రోగులు మూలుగు కూడా వరసలో మూలిగేవాళ్ళట. అలాంటి మనిషికి వేళ్ళు, మణికట్లు, మోకాళ్ళు వాచే జబ్బు పట్టుకుంది. పొద్దున లేస్తే గంటసేపు పిడికిలి ముడుచుకోదు. మాత్రలు సగం పనే చేస్తాయి, మిగతా సగం మీ చేతుల్లో ఉంది అన్నాడట డాక్టరు. ఆ చేతులే కదయ్యా నొప్పి అందట పెద్దమ్మ.

ఆ మిగతా సగం నేర్చుకోవడానికే ఒక ఈమెయిలు గుంపు ఉందని, ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి చీటీ రాసిచ్చింది. అందరూ ఈ జబ్బుతో ఉన్నవాళ్ళే. వారానికొక చిన్న పని నియమంగా పెట్టుకోవాలి. ఎన్ని రోజులు పాటించారో, నొప్పి పదికి ఎంత ఉందో ఆదివారం రాయాలి. మిగతావాళ్ళు మెచ్చుకుంటారు, మందలిస్తారు, తమకు పనికొచ్చిన ఉపాయాలు చెబుతారు. గుంపును నడిపేది మైసూరులో ఉండే పద్మావతమ్మ అనే రిటైర్డు టీచరు.

పెద్దమ్మకు ఇంగ్లిషు బాగా వచ్చు, టైపు చెయ్యడానికే వేళ్ళు రావు. అందుకని ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆమెను బ్రౌజింగ్ సెంటరుకు తీసుకెళ్ళడం, ఆమె చెప్పింది కొట్టడం నా పని. కూలి, మధ్యాహ్నం రాగిసంగటి, కోడికూర. ఈ కూలి సంగతి గుర్తుంచుకోకపోయినా ఫరవాలేదు, అదే మీ మెడకు చుట్టుకుంటుంది. నా మెడకు చుట్టుకున్నట్టు.

పెద్దమ్మ పెట్టుకున్న నియమం ఒకటే. మణికట్టుకు బరువు తగిలే పని చెయ్యకూడదు, ముఖ్యంగా కట్టెతో సంగటి కెలకకూడదు. ప్రతి వారం రిపోర్టు మాత్రం బంగారంలా ఉండేది. ఏడు రోజులూ పాటించాను, నొప్పి పదికి ఆరు. ఇంట్లోనేమో గిన్నె నిండా సంగటి పొగలు కక్కుతుండేది. దాన్ని దేవదూతలు కెలికి ఉండరు కదా. పైగా ఆమె మణికట్టు బన్నురొట్టెలా ఉబ్బి ఉండేది. నేను అడిగితే, నర్సు నువ్వా నేనా అనేది. నేను రెండో ముద్ద అందుకునేవాణ్ణి.

ఒక ఆదివారం ఆమె రిపోర్టు పంపేశాక, కూరగాయలు తెస్తానని బయటికి వెళ్ళింది. నేను నా మెయిలు తెరిచాను. హైదరాబాదులో ఉన్న నా స్నేహితుడు శీను, ఆదివారం క్రికెట్టుకు రమ్మంటే ఎందుకు రావట్లేదురా అని బెంగళూరులోని మన వాళ్ళు అడుగుతున్నారని రాశాడు. తెర మీద రెండు కిటికీలు, కవల పిల్లల్లా ఒకేలా ఉన్నాయి. నేను వేళ్ళు విరుచుకుని, ఇంగ్లిషులో నా బాధంతా వెళ్ళగక్కాను. ఇంట్లో ముసలమ్మతో చస్తున్నాను, బసవనగుడి రాతి నందినైనా కదిలించొచ్చు గానీ ఆమెను కదిలించలేం, చెయ్యొద్దన్న పనే చేస్తుంది, సంగటి కెలికి కెలకలేదంటుంది, తొమ్మిది నొప్పిని ఆరంటుంది, నేను చూసినవాళ్ళలో ఇంత పెద్ద అబద్ధాలకోరు లేదు, నా ఆదివారాలన్నీ ఆమె పాలే అని. పంపు అని నొక్కాను. హాయిగా వెళ్ళి కోడికూర తిన్నాను.

మరుసటి ఆదివారం పెద్దమ్మ మెయిలు పెట్టె తెరిస్తే పదకొండు జవాబులు. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఏం రాసినారప్పా అందరూ ఇంతగా? చదువు."

మొదటిది తెరిచాను. "రూతమ్మగారూ, మీ నొప్పులే మీకు చాలవన్నట్టు ఇంట్లో ఇంకో ముసలమ్మ కూడానా" అని పుణె ఆవిడ సానుభూతి. మీకు అర్థమైందిగా. నా గోడు నా కిటికీలోంచి శీనుకు కాకుండా, పెద్దమ్మ కిటికీలోంచి, పెద్దమ్మ పేరుతో, గుంపందరికీ వెళ్ళింది. ముసలమ్మ ఎవరో నేను రాయలేదు కాబట్టి, పాపం ఆమెకు గయ్యాళి అత్త ఎవరో ఉందని వాళ్ళనుకున్నారు.

నేను తెరను కాస్త నా వైపు తిప్పుకుని, "బాగున్నారా అని అడుగుతున్నారు పెద్దమ్మా" అన్నాను.

"పదకొండు మందీ అదే అడిగినారా?"

"అదే."

ఆమె కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయింది, ఏసయ్యే నన్ను కాపాడాడు అనుకున్నాను. అంతలో ఆమె లేచి, కౌంటరు దగ్గరున్న కన్నడ పెద్దాయన అద్దాలు కాస్త ఇవ్వమని అడిగి పెట్టుకుని వచ్చింది. రోగి చార్టు చదివినట్టు, కింద అంటుకుని వచ్చిన నా రాతతో సహా ఒక్కొక్కటే చదివింది. సింగపూరు ఆయన ఆ కట్టెను దాచిపెట్టమన్నాడు. మంగళూరు ఆవిడ, భారమైపోతామని భయపడే వాళ్ళే నొప్పి దాస్తారు, కోప్పడకండి అంది. ఆఖరున పద్మావతమ్మ రెండే వాక్యాలు రాసింది. "ఆ పెద్దావిడ సంగటి ఎవరి కోసం కెలుకుతోంది? తినేవాళ్ళను అడిగారా?"

పెద్దమ్మ అద్దాలు తీసి ఆయనకిచ్చేసింది. దారంతా నా చెయ్యి పట్టుకోలేదు. మెట్ల దగ్గర కూడా గోడే పట్టుకుంది. ఆ నడక నాకు ఇప్పటికీ గుర్తుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంట్లో మంచం మీద కూర్చుని, నేను అడగకుండానే చెప్పింది.

"ఆ గుంపులో నర్సును నేనొక్కదాన్నే ఉండాను. ముప్పై ఏండ్లు అందరికీ నొప్పి దాచద్దండి అని చెప్పినాను. నాకే తొమ్మిదుందని ఎట్ల రాసేది? సిగ్గయితుందప్పా."

"మరి సంగటి ఎందుకు పెద్దమ్మా?"

"వారమంతా ఆ పీజీలో నీళ్ళ సాంబారు తింటావు. ఒక్క పూటన్నా కడుపుకు తినొద్దా?"

నేను మూడు ముద్దలు తినేవాణ్ణని మీకింతవరకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ సెంటరుకు వెళ్ళాం. ఈసారి నా పేరుతో, నా పెట్టెలోంచి గుంపుకు రాశాను. ఆ ముసలమ్మే రూతమ్మ, అత్తా లేదు ఎవరూ లేరు, ఆమెను అబద్ధాలకోరన్నవాణ్ణి నేను, ఆ సంగటి తిన్నవాణ్ణీ నేనే, క్షమించండి అని. పంపే ముందు పెద్దమ్మకు చూపించాను. ఆమె చదివి, కింద ఒక్క మాట చేర్చమంది. ఈ వారం నొప్పి తొమ్మిది.

తిట్లు వస్తాయనుకున్నాను. వచ్చినవి ఒప్పుకోళ్ళు. పుణె ఆవిడ రోజూ మనవణ్ణి ఎత్తుకుంటోందట, రాయలేదట. కట్టె దాచమన్న సింగపూరు పెద్దమనిషి ఒంటిచేత్తో బీరువా జరిపాడట. పద్మావతమ్మ మూడు వారాలుగా వ్యాయామం జోలికే పోలేదట. గురివింద గింజలన్నీ ఒకేసారి కింద చూసుకున్నాయి. నొప్పి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలని అందరూ ఒప్పుకున్నారు. ఆపైన అందరూ కలిసి వచ్చే వారానికి కొత్త నియమం పెట్టారు. అది పెద్దమ్మకు కాదు, నాకు. తినేవాడే కెలకాలి.

కెలికాను. పెద్దమ్మ గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టుకుని కుర్చీలోంచి ఆజ్ఞలిచ్చింది. పది నిమిషాలకు నా భుజం నాది కాదనిపించింది. సంగటి సంగతి చెప్పను, నగర్తపేట సామాన్ల కొట్లలో ఇనుప గుండ్లుగా అమ్మొచ్చు. పెద్దమ్మ ఒక్క ఉండ కూడా వదలకుండా తిని, చాలప్పా, బాగుండాది అంది. అబద్ధం మానేసిందని ఎవరన్నారు?

ఆ ఆదివారం ఆమె చెప్పగా నేను కొట్టిన రిపోర్టు ఇది: "సంగటి కట్టె ముట్టలేదు, ఏడు రోజులూ. నొప్పి నాకు ఆరు, నిజంగానే ఆరు. కెలికినవాడికి పదకొండు."

కాబట్టి చదువరులారా, ఆనాడు వాచిన నా కుడిభుజం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కిటికీలో ఎవరి పేరుందో మూడుసార్లు చదవకుండా మెయిలు పంపను. వండిపెట్టే మనిషిని ముసలమ్మ అనను. ఒకవేళ అనాల్సి వస్తే, ముందు భోంచేసి అంటాను.