గోడ మీద రెండో వరుస

దేవుడు మన కాలు జారనివ్వడని ప్రార్థనామందిరం గోడ మీద రాసి, చివరి అక్షరానికి మెరుగులు దిద్ది, నిచ్చెన దిగబోతూ కాలు జారి పడ్డాడు పెయింటరు. నడుము కింద ప్రాణం లేకుండా పోయింది. వీధి వీధికీ దుకాణాల బోర్డులు రాసినవాడు, ఎక్కడా పడనివాడు, పోయి పోయి ఆ వాక్యం దగ్గరే పడాలా! నవ్వకూడదని అందరికీ తెలుసు. అందుకే ఇళ్ళకు వెళ్ళి నవ్వుకున్నారు.

ఇంకో వరుస మిగిలిపోయింది. మనల్ని కాపాడేవాడు కునుకు తీయడని రాయాలి. ఆరేళ్ళయినా గోడ అలాగే ఉంది. వేరే పెయింటరుని పిలవచ్చు. కానీ సంఘపెద్ద లేచి, "ఆయనే లేచి నడిచొచ్చి పూర్తి చేస్తాడు, అదే మన విశ్వాసం" అని ప్రకటించేశాడు. ఆ విశ్వాసం కోసం ఎవరూ నిచ్చెన ఎక్కనక్కర్లేదు కాబట్టి అందరూ ఆమెన్ అన్నారు.

పరామర్శకు వచ్చినవాళ్ళు చక్రాల కుర్చీ పక్కన కూర్చుని, టీ తాగి, విశ్వాసం ఇంకాస్త పెంచుకోమని సలహా చెప్పి, తమ రెండు కాళ్ళ మీద నడిచి వెళ్ళిపోయేవారు. పెయింటరు అందరికీ సరేననేవాడు. మొదట్లో కాళ్ళు ఇమ్మని ఏడ్చాడు. తర్వాత దేవుడి మీద అలిగి మూడు నెలలు ప్రార్థన మానేశాడు. మాట్లాడకుండా ఉండలేక మళ్ళీ తనే మొదలుపెట్టాడు. కాళ్ళ సంగతి ఆయనకే వదిలేసి ఒక్కటే అడిగేవాడు, ఆ రెండో వరుస నా చేత్తోనే రాయించు తండ్రీ అని. అదీ లేదంటే తను ఇంకా ఎందుకు బతికున్నాడో అతనికి తెలియదు.

ఒక ఉదయం భార్య కుట్టుమిషను దగ్గర్నుంచి లేవకుండానే కబురు చెప్పింది.

"వార్షికోత్సవానికి ఆ గోడకి ఫ్లెక్సీ కొడతారట. పాస్టరుగారి ఫొటోతో."

"ఎంతుంటుంది?"

"గోడంత."

"ఫొటోనా, ఫ్లెక్సీనా?"

"నీకు ఎగతాళిగా ఉందా? మేకులు దిగ్గొట్టి ఇక అలాగే ఉంచేస్తారట!"

"శనివారం వచ్చి రాసేస్తానని చెప్పిరా" అన్నాడు పెయింటరు.

"ఎలా రాస్తావయ్యా?"

"కూర్చుని."

కూర్చుని అన్న ఆ చివరి మాట చెప్పే సందు ఆమెకు మందిరంలో ఎవరూ ఇవ్వలేదు. శనివారం వస్తాడట అనగానే స్వస్థత ఖాయమైపోయింది. ఆ రోజు మందిరం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. అందరి చేతుల్లో ఫోన్లు. నిచ్చెన కూడా కడిగి సిద్ధంగా నిలబెట్టారు.

భార్య కుర్చీ తోసుకుంటూ వచ్చింది. అందరూ అతని కాళ్ళకేసి చూశారు. అతను గోడకేసి చూశాడు. చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టించి, దారానికి నీలిరంగు పొడి అద్ది, ఒక కొస ఆమెకిచ్చాడు. తన భుజం ఎత్తున గోడకు ఆనించి, లాగి వదిలాడు. గీత పడింది.

ఆరేళ్ళుగా కుంచె పట్టని చెయ్యి మొదటి అక్షరానికే పట్టు తప్పింది. అక్షరం వంకర పోయింది. భార్య గుడ్డతో తుడవబోతే, "ఉండనీ, అది కూడా నాదే" అన్నాడు. ఆమె కొంగు కళ్ళకద్దుకుంది.

రెండో అక్షరం అయ్యేసరికి ఫోన్లు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. మూడో అక్షరానికి జనం పల్చబడ్డారు. కూర్చుని రాసేదాంట్లో చూడ్డానికేముంది! సంఘపెద్ద నిచ్చెన మోసుకుంటూ వెళ్ళిపోయాడు.

పాస్టరుగారు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డారు. పైకి చూసి, కిందికి చూసి, ఉండబట్టలేక అడిగారు.

"అదెక్కడో పైన, ఇదిక్కడ కింద. మధ్యలో ఇంత ఖాళీ ఏం బాగుంటుంది బ్రదర్?"

"అది నేను పడ్డంత దూరం అయ్యగారూ" అన్నాడు పెయింటరు, కుంచె ఆపకుండా. "పైన రాసింది మీ దగ్గర విన్నమాట. ఆయన కునుకు తీయడన్నది మాత్రం నాకు కింద పడ్డాకే తెలిసింది. మరి కిందే కదా రాయాలి."

పాస్టరుగారు గోడకు చేరేసిన ఫ్లెక్సీ చుట్టను తనే భుజాన వేసుకుని లోపల పడేసి వచ్చారు. అతని భార్య చేతిలోని రంగు డబ్బా అందుకుని, పెయింటరు చేతికి అందేలా పట్టుకుని నేల మీద కూర్చున్నారు.