అన్నయ్యకు చేయని పరీక్ష

ఆ రోజు చెరువు గట్టు మీద మేత బస్తా ఎత్తబోతే ఒళ్ళంతా వణికింది. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఉన్నా చలితో పళ్ళు కొట్టుకున్నాయి.

మాది కృత్తివెన్ను దగ్గర. అన్నయ్యా నేనూ కలిసి రొయ్యల చెరువులు చేసేవాళ్ళం. ఇద్దరికీ షుగర్. వానలకు గట్టు తెగితే మోకాలి లోతు బురదలో దిగి ఇద్దరమే కట్టాం. ముందు అన్నయ్యకు జ్వరం వచ్చింది. న్యుమోనియా అన్నారు. గుడివాడలో చేర్పించాం, వారం తిరక్కుండానే పోయాడు. పెద్దకర్మ కాకముందే నాకీ వణుకు.

బందరులో ఎక్స్‌రే తీశారు. "ఛాతీలో ప్యాచ్ ఉందండీ. టీబీ కావచ్చు" అని మందులు మొదలుపెట్టారు. జ్వరం తగ్గకపోగా మోకాలు వాచి చీము పట్టింది. విజయవాడ తీసుకెళ్ళారు. అక్కడ మందులు మార్చే ముందు రక్తమూ, మోకాలి చీమూ కల్చర్‌కి, అంటే అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్షకి పంపారు.

రిపోర్టు వచ్చాక మైక్రోబయాలజీ డాక్టరమ్మ స్వయంగా నా మంచం దగ్గరికి వచ్చారు.

"మీరేం పని చేస్తారండీ?"

"రొయ్యల చెరువులండి."

"బురదలో దిగుతారా? కాళ్ళకి దెబ్బలూ అవీ?"

"అవి ఎప్పుడూ ఉండేవేనండి."

"ఇది మెలియాయిడోసిస్. మట్టిలో, నీళ్ళలో బతికే బ్యాక్టీరియా. షుగర్ ఉన్నవాళ్ళని గట్టిగా పట్టుకుంటుంది. చూడ్డానికి టీబీలాగే ఉంటుంది గానీ ఆ మందులకి లొంగదు."

అన్నయ్య సంగతి చెప్పాను. "అయ్యుండొచ్చు. కల్చర్ చేయలేదు కాబట్టి ఇప్పుడు తేల్చలేమండి" అన్నారు ఆవిడ.

వారాల తరబడి సెఫ్టాజిడిమ్ అనే మందు ఐవీగా నరంలోకి ఎక్కించారు. తర్వాత నెలల పాటు కోట్రైమాక్సజోల్ మాత్రలు. అన్నం సయించేది కాదు. కిడ్నీల మీద భారం పడి క్రియాటినిన్ పెరిగిందని మధ్యలో మాత్రలు ఆపితే జ్వరం తిరగబెట్టింది. మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ ఐవీ.

అప్పుడే చూడ్డానికి వచ్చిన వదిన అడిగింది. "ఆ కల్చరేదో మీ అన్నయ్యకీ చేసుంటే బతికేవాడేనా?"

"తెలీదు వదినా" అన్నాను. నిజంగానే తెలియదు. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మా ఇంటికి రావడం కూడా తగ్గించింది.

ఇప్పుడు జబ్బు లేదంటున్నారు. మోకాలు పూర్తిగా వంగదు. చెరువులు కౌలుకిచ్చేశాం. కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, నా భార్య థర్మామీటరు తెస్తుంది.

షుగర్ ఉండి చేలల్లో, చెరువుల్లో దిగేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. జ్వరం వదలకపోతే మీ పనేమిటో డాక్టరుకు మీరే చెప్పండి, బ్లడ్ కల్చర్ చేస్తారా అని అడగండి. అన్నయ్యను చేర్పించినప్పుడు అలా అడగొచ్చని మాలో ఎవరికీ తెలియదు.