దుమ్ము లేపని చీపురు

జోడ్‌భావి పేట్ బజారులో చీపురు కొనడానికి అంబుబాయికి పట్టినంత సేపు ఇంకెవరికీ పట్టదు. ప్రతి చీపురుతోనూ అంగడి నేల ఊడ్చి, నడుము వంచి, ఎండ పొడలో దుమ్ము ఎంత లేస్తోందో చూస్తుంది.

"పొరక కొంటున్నవా, కోడల్ని ఎంచుతున్నవా?" అన్నాడు ఆ రోజు దుకాణదారు.

"దుమ్ము లేవనిది ఇయ్యన్నా. మా ఇంటాయనకు దగ్గు తగ్గుతలేదు."

మెత్తటిది ఏరి ఇంటికి తెచ్చి, మగ్గం చుట్టూ పడిన దూది నూగును ఊపిరి బిగబట్టి ఊడ్చింది. అయినా నేస్తున్న భర్త భూమయ్య దగ్గి దగ్గి వంగిపోయాడు.

"పొరకది కాదే తప్పు," అన్నాడు ఆయాసపడుతూ. "నూగు నూలుది. మగ్గం ఆడినంతసేపు లేస్తనే ఉంటది. ఆపితే తినేదేంది?"

అంబుబాయి కొంగు తడిపి, అతని రెప్పల మీద పేరుకున్న నూగు తుడిచింది. అతని చేతులు మగ్గాన్ని వదల్లేదు.